అరక్లచ్చి

పంటు దిగి నర్సాపురం రేవు వాలెక్కేటప్పుడు
మధ్యలో బండి ఆగిందా,
మళ్ళీ ఎత్తడానికి ఎడమకాలి బొటనవేలు
చెవిపెట్టి వినాలి.
వెంట్రుకవాసి ఎక్కువ వదిలితే ఇంజను చస్తుంది,
ఎక్కువ తొక్కితే
ఐసు పెట్టెలతో సహా వెనక్కి, గోదాట్లోకి.

ఓలేటి నాగూరు ముప్పయ్యేళ్ళు అలా విన్నాడు.
పోయిన శ్రావణంలో షుగరు
ముందు రెండు వేళ్ళడిగింది, తరవాత మడమ,
కాకినాడ పెద్దాసుపత్రిలో
మోకాలి కింద లెక్క తేల్చుకుంది.

చంకలో కర్రతో షెడ్డుకొచ్చాడు.
"అమ్మేయమంటన్నారండి మావోళ్ళు.
డెబ్బైరెండు మోడలు పికప్పు,
ఇనప సామాన్లోడు కేజీల్లెక్కన అడిగేడండి.
ఎడంకాలు అక్కర్లేని గేరుబాక్సు ఉంటదంట గదా మేస్త్రీగారూ,
మా దానికి పెట్టండి."

పట్టదన్నాను.
పట్టదని మూడుసార్లన్నాను.
మూడోసారి అనేటప్పటికి
టేపు పట్టుకుని బండి కింద ఉన్నాను.

రాజమండ్రి తుక్కు కొట్లో దొరికింది.
కొత్త కారు, గోడ కూలి ముందు సీట్లదాకా నలిగింది,
కిందున్న పెట్టెకి గీత పడలేదు.
పుల్ల లాగి వాసన చూశాను.
దానిమ్మ రంగు నూనె, మాడు కంపు లేదు.
ఇరవై తొమ్మిది వేలు, కొబ్బరి లోడు లారీలో
తిరుగు కిరాయి విడిగా.

పాతదాని మూతికీ కొత్తదాని నోటికీ
ఒక్క బోల్టు కలవలేదు.
క్యాలెండరు అట్టమీద గ్రీజు వేళ్ళతో అచ్చు తీసి
జిలానీ లేతుకి పంపాను.
అంగుళం మందం అల్యూమినియం పలక.
మొదటిది అరనూలు పక్కకి పోయింది.
జిలానీ ఆ పూట అన్నం తినలేదు.
రెండోది,
అలిగొచ్చిన వియ్యపురాలు పీటమీద కూర్చున్నట్టు
బిగుసుకునైనా, కూర్చుంది.

అడ్డదూలం కోసి వెనక్కి జరిపాం.
ప్రొపెల్లర్ షాఫ్టు జానెడు కురచ చేశాం.
నూనె చల్లార్చే గొట్టాలు రేడియేటరు ముందుకి లాగాం.
దాని బుర్ర, నిఘంటువంత డబ్బా,
ట్యూబు రబ్బరులో చుట్టి సీటు కింద దాచాను,
ఉప్పుగాలి ఇక్కడ దేన్నయినా తింటుంది.
"బుర్రమీద కూచుని తోలతాడండి ఆయన,"
అన్నాడు ఏసుపాదం.
రాడ్డు పక్కన ఇంగ్లీషు అక్షరాలు గీకేసి
వాడే తెల్ల పెయింటుతో రాశాడు:
ఆగు. ఎనక్కి. ఊరికే. పద.

చివర్న క్లచ్ పెడలు విప్పబోతే
కర్ర నా చేతికి అడ్డం పడింది.
"దాన్నుండనియ్యండి."
"అది దేనికీ తగిలుండదయ్యా."
"నా కాలు మట్టుకు దేనికి తగిలుందండి?"

ఉంచాను.
స్ప్రింగు కూడా కొత్తది వేశాను.

సఖినేటిపల్లి నుంచి మొదటి లోడు,
పధ్నాలుగు పెట్టెల రొయ్య. పక్క సీట్లో నేను.
పంటు తలుపు దిగింది, ముందు చక్రాలు వాలెక్కాయి,
ఎవడో మోటారుసైకిలువాడు
మేకని ఒళ్ళో పెట్టుకుని అడ్డంగా ఆగిపోయాడు.
బ్రేకు.
అద్దంలో అంతా నీళ్ళే.
మేక దిగింది. దారి దొరికింది.
నాగూరు కుడికాలు బ్రేకు మీంచి తీశాడు.

బండి ఒక్క వేలంత వెనక్కి ఊగి,
నిలదొక్కుకుని,
కాలవలోంచి గట్టెక్కే గేదెలా
తనంతట తనే పైకి పాకింది.

అమ్మయ్య అందామని ఇటు తిరిగాను.
లుంగీ కింద ఎడమ తొడ
రాయిలా బిగుసుకుని ఉంది,
సగం వదిలి, సగం పట్టి,
ఇంజను మాట వింటోంది.

చేపల బజారు మలుపు దాటాక గాని సడల్లేదు.

"ఇంకా తొక్కుతున్నావా?" అన్నాను.

"ఆయ్. కొత్తది కదండీ దానికి,
రేవు తెలవదు.
ఒక్కదాన్నీ వదిలేత్తే బెదురుద్ది."