జనవరి ఒకటి, 1970

కొత్తవాడల మా ముందర అర్రల
మగ్గం తీసేసి, గుంత పూడ్చి,
దాని మీద టేబులేసి కంప్యూటర్ పెట్టి మూడేండ్లయింది.
కూసున్నప్పుడల్లా కాళ్ళు కిందికి దిగుదామని చూస్తయి,
గచ్చు తగిలి ఆగుతయి.

నిన్న ఫోను మళ్ళా అడిగింది:
జాగ నిండింది, పైసలు కడ్తవా, ఫొటోలు తీసేస్తవా?
పధ్నాలుగేండ్ల జంపఖానాలు అందుల.
అమ్మిన ప్రతిదాన్నీ మడత పెట్టకముందు
ఒక్క ఫొటో తీసుడు నా అలవాటు.
సరుకు పోతది, నమూనా ఉండాలె.
నెమలి అంచు, చదరంగం గళ్ళు,
పేర్లు నేయించి, పెండ్లి ఆగిపోయి, తీసుకపోని ముక్క,
రంగు దిగిందని వాపసొచ్చిన పదహారు,
అన్నీ పైన ఎక్కడో మబ్బుల ఉన్నయట.
మబ్బును నేనెట్ల నమ్మాలె?
ఆ ఏడు వానకు వాకిట్ల నడుముల దాక నీళ్ళు,
నూలు కట్టలు గల్లీ పొంటి తేలుకుంట పోయినయి.

పోచమ్మమైదాన్ల నయీం దుకాణం.
రెండు టీబీల డబ్బా, నాడె అంత బరువు.
"సింక్ పెట్టుకో భయ్యా, పైన ఏముంటే కిందా అదే."
"పైన పోతే?"
"కిందా పోతది."
"కింద తీసేస్తే?"
"పైనా పోతది. అదే కదా సింక్."

నాడె కతనే.
ఈ చేతి నుంచి ఆ చేతికి, ఆ చేతి నుంచి ఈ చేతికి.
ఇటు తెగితే అటూ తెగినట్టే.
నాడెను నమ్మి నమూనా ఎవడు దాస్తడు?
నమూనా అంటే కోసి పక్కన పెట్టిన జానెడు ముక్క,
ట్రంకు పెట్టె, కలరా ఉండ, పిన్నీసుతోని గుచ్చిన చీటి.
"నాకు కోసుకున్న ముక్క కావాలె" అన్న.
నయీం నవ్వి ఇంకో బటను చూపెట్టిండు.

పదకొండు వేల రెండు వందల పధ్నాలుగు.
రాత్రి తొమ్మిదింటికి మొదలు.
సుభద్ర అన్నం పెట్టేసరికి నాలుగు శాతం.
ఎంజీఎం దిక్కు అంబులెన్సు ఉరికింది. ఆరు.
కరెంటు పోయి వచ్చింది,
మళ్ళా మొదటికేనా అని నా పాణం జల్లుమన్నది.
కాదు, ఆగిన కాడ్నే అందుకున్నది.
అప్పుడు మెచ్చిన దాన్ని.
తెగిన పడుగును అతికే వేలు దానికీ ఉన్నది.

జంపఖానాల నడుమ జంపఖానాలు కానివి:
నా బొటనవేలు, కరెంటు బిల్లు,
రైస్ కుక్కర్ గ్యారంటీ కార్డు నాలుగు సార్లు,
నిఖిత ఎక్కాల పుస్తకం,
ఎవరిదో తెల్వని ఆవు.

ఏండ్ల లెక్కన సంచులు కట్టుకుంట పోతున్నది.
అన్నిటికన్న ముంగట ఒక సంచి: 1970.
నేను పుట్టిందే ఎనభై రెండుల.
తెరిస్తే ఒక్కటే ఫొటో.
బాపు.
గుంతల కాళ్ళు, చెవి మీద బీడీ,
నా మొదటి ఫోన్ల తీసిన మసక బొమ్మ,
ఏ మెమరీ కార్డు మీదికెళ్ళి ఎక్కిందో.

"తేదీ పోయిన ఫొటోలకు అదే వేస్తది నాన్నా,
మిషన్లకు లెక్క మొదలయ్యే రోజు" అన్నది నిఖిత
పొద్దున పండ్లు తోముకుంట.
"కుడి బటను నొక్కు, మారుతది."

సాంబయ్య బడి బంద్ జేసి
పదకొండేండ్లకు మగ్గం గుంతలకు దిగింది డెబ్బైలనే.
సీసల కొబ్బరినూనె గడ్డకట్టిన చలి అనేది నాయినమ్మ.
తేదీ ఎవలు రాసిపెట్టిన్రు?
నేను బటను నొక్కలే.

ఫోను మళ్ళా అడిగింది, తీసేస్తవా అని.
రైస్ కుక్కర్లు మూడు తీసేసిన.
డబ్బాను పాత తువ్వాలల చుట్టి
ట్రంకు పెట్టెల అడుగున పెట్టిన.
కలరా ఉండ వేస్తుంటే సుభద్ర చూసింది.
"దానికి పురుగు వడ్తదా?"
"ఏమో, ఉండనీ" అన్న.
ఇంకోటి వేసిన.