తూము కాడ

అర్ధరాత్రి నాకంటె ముందు నా చెయ్యి లేస్తది.
నిద్రల ఉన్న మనిషిని ఇడిసిపెట్టి
అదొక్కటే లేసి కూసుంటది.
తిమ్మిరి. చీమలు పారినట్టు కాదు,
తోలు కింద పత్తిగింజలు మొలకెత్తినట్టు.
మంచంపట్టె మీద కూసోని ఇదిలిస్త, ఇదిలిస్త,
తడిచెయ్యి ఆరబెట్టుకున్నట్టు.
"మల్లానా?" అంటడు కుర్మన్న, గోడ దిక్కు తిరిగి.

మాపటేల ఆడసాళ్లల్ల మొగ్గ వొలవాలె.
గోటితో ఒక గీత, మణికట్టుతో ఒక మలుపు,
పొట్టు ఊడాలె, నడిమి పుల్ల ఇరగొద్దు.
ఎర్ర కాయితం తొడుగు. ఇంకో మొగ్గ.
తెల్లారి మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దు. ఇంకో పువ్వు.
నడిగడ్డల ఇరవై ఏండ్ల సంది ఇదే.
లెక్క నేను పెట్టలేదు.
ఆర్గనైజర్ బాలకిష్టప్ప పెట్టిండు,
కాయలకు, అప్పుకు, మిత్తికి.
మలుపులకు పెట్టలేదు.

గద్వాల దవాఖానల సబియా మేడం
దూదిపుల్లతో ఒక్కో వేలు ముట్టి అడిగింది,
ఇది తెలుస్తుందా? ఇది?
బొటనవేలు మొద్దు. చూపుడువేలు మొద్దు. నడిమిది మొద్దు.
ఉంగరపు వేలు ఒక అంచుకు తెలుస్తది, ఒక అంచుకు తెల్వదు,
అటు రాయచూరు, ఇటు గద్వాల.
చిటికెన వేలొక్కటే పలికింది.
"ఈడ, మణికట్టు కాడ సొరంగం ఉంటదమ్మా,
దాంట్లకెల్లి నరం పోతది. వాచి ఇరుకయింది."

సొరంగం నాకు తెల్వదు. తూము తెలుసు.
పూడిక పడ్డ తూము కాడ నీళ్లు నిలబడి
కొసమడి ఎట్ల ఎండుతదో తెలుసు.
చిటికెన వేలికి వేరే కాలువనంట.

రాత్రి కట్టుకొమ్మని పట్టీ ఇచ్చింది,
పగలు చెయ్యమని నాలుగు పనులు చెప్పింది.
ఈ చేతులకు ఇంకా పనులు! నవ్వొచ్చింది నాకు.
చెయ్యి చాపు, అరచెయ్యి ముందుకు.
రెండో చేత్తో వేళ్లను నీ దిక్కు గుంజు.
పదిహేను లెక్కపెట్టు.
నొప్పి మొదలయ్యే కాడ ఆగు, దాటకు.
దాటకు అని ఇంతవరకు
నాకు ఎవరూ చెప్పలేదు.
వేళ్లు కొక్కెం చెయ్యి. పిడికిలి పట్టు.
మెల్లగ ఇప్పు, పువ్వు లెక్క.
పువ్వు అనంగనె
నా గోరు దానంతటదే మడిచింది.

మర్నాడు చేన్ల అందరికి చూపించిన.
ఉసేనమ్మ, జయలచ్చి, బడి మానిన శివలీల,
పద్నాలుగు మందిమి.
రొమ్ము కాడ దండం పెట్టి, అరచేతులు ఇడవకుండ
కిందికి దించాలె అన్న.
"ఎవలకే ఈ దండం?" అన్నది తిమ్మక్క.
అడ్వాన్సు కోసం బాలకిష్టప్పకు పెట్టినం.
విత్తనం ఫెయిలన్ననాడు కంపెనీ సారుకు పెట్టినం.
"ఎవలకు గాదు. ముందు కిందికి దించు."

తర్వాత చేతులు చాపినం.
గప్పుడే గట్టు మీదికెల్లి బండి వచ్చింది.
ఎదురుంగ పద్నాలుగు అరచేతులు.
బాలకిష్టప్ప బ్రేకు కొట్టిండు.
మేమేమనలేదు. లెక్కపెడుతున్నం, గంతే.
పదకొండు, పన్నెండు.
పదిహేను దాక ఆయన బండి దిగలేదు.

నొప్పి పోయిందా అంటే, పోలేదు.
కొన్నాళ్లు చేతికి రెస్టియ్యి అన్నది మేడం.
ఆ మాట మొగ్గలకు ఎవరు చెప్పాలె?
నిన్న రాత్రి మాత్రం చెయ్యి ఒక్కపారే లేపింది.
చీకట్ల కూసోని కొక్కెం, పిడికిలి,
మల్ల కొక్కెం.
కుర్మన్న ఇటు తిరిగి చూసిండు.
ఏం అడగలేదు. మిల్లుల మూటలెత్తే చెయ్యి
నా ఒళ్లె పెట్టిండు.
వేళ్లు పట్టి ఎనుకకు గుంజిన.
"నొయ్యంగనె చెప్పు" అన్న.
ఆయన చెప్పడు. ఎన్నడు చెప్పలేదు.
పదిహేను కాడ నేనే ఆపిన.