మూజువాణి ఓటు

సోమవారం పొద్దున సభలో
క్లీటస్ వోగెల్ గారి పేరు నేనే చదివాను.
తొంభై మూడేళ్ళ మనిషి.
సందర్శకుల వరుసలో టోపీ తీసి మోకాలికి తొడిగి
ఇంకెవరి గురించో వింటున్నట్టు విన్నాడు.

కొరియాలో ఒక డిసెంబరు రాత్రి
ఎడమ పాదం వేళ్ళు మూడు మంచుకి ఇచ్చి వచ్చాడు.
తీర్మానంలో వేళ్ళ లెక్క లేదు.
"అసమాన ధైర్యసాహసాలు" అని ఉంది.

సమ్మతించేవారు అవుననండి, అన్నాడు స్పీకరు.
అరవై గొంతులు ఒక్కసారే అవునన్నాయి.
కాదనేవారు?
ఈ భవనంలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.
ఇత్తడి ఫలకానికి నలభై ఆరు డాలర్లు,
పేరు చెక్కినందుకు ఇంకో పన్నెండు.

మంగళవారం ఆర్థికాధికారి తెర మీద గీత చూపించాడు.
గీత ఎందుకు, మా ఊరి రైలు గేటు చాలదూ!
ఒకప్పుడు బొగ్గుబండికి నూట ముప్పై పెట్టెలు.
పిల్లలు లెక్కపెట్టి లెక్క తప్పి పోట్లాడుకునేవాళ్ళు.
ఇప్పుడు ట్రక్కు ఇంజను ఆపేలోగా గేటు లేచిపోతుంది.

లోటు, అన్నాడాయన, రెండుసార్లు.
ఆ మాట నాకు కొత్త కాదు.
లాయిడ్ పోయినప్పటి నుంచి
నా భోజనాల బల్లకి అవతలి వైపు కూర్చునేది అదే.
దాన్ని జూన్ ముప్పైలోగా పూడ్చమని మాత్రం ఎవరూ అడగలేదు.

బుధవారం మాజీ సైనికులకి ఫలహారం.
పాన్‌కేకులు, పల్చటి కాఫీ, కాగితపు జెండాలు.
మెరీసా కింటానా నా పక్కన నిలబడి ఫోటో దిగింది.
ఇరాక్‌లో లారీలు బాగుచేసిన చేతులు,
గోళ్ళ కింద ఇంకా నలుపు.
"ఫోటో అయిపోయిందా? అయితే ఒక మాట" అంది.
ముసలివాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యాను ఆమే నడుపుతుంది,
పోను నూట తొంభై మైళ్ళు, రాను నూట తొంభై.
హీటరు చచ్చి మూడు వారాలు.
"ఒళ్ళో దుప్పట్లు కప్పుతున్నాను మేడమ్,
వోగెల్ గారు మాత్రం వద్దంటాడు,
ఇదేం చలి, అంటాడు."

రాసుకున్నాను. చేతిరుమాలు కాగితం మీద,
సిరప్ మరక పక్కన: హీటరు.

గురువారం రాత్రి పదకొండున్నర.
రెండు వందల పన్నెండో పేజీ, పద్నాలుగో పద్దు: వ్యాను.
పదిహేనో పద్దు: లస్క్‌హామ్‌లో పురుళ్ళ వార్డు,
జిల్లా మొత్తానికి మిగిలింది అదొక్కటే.
కోత, అన్నాడు అధ్యక్షుడు కళ్ళు నలుపుకుంటూ.
మా నాన్న నోట కోత అంటే ఆగస్టు,
చొక్కా కాలర్లో దురదపెట్టే గోధుమపొట్టు,
రాత్రి ట్రాక్టరు దీపాల్లో ఎగిరే పురుగులు.
ఈ గదిలో కోత అయ్యాక
ఎవరి గాదెలోకీ ఏదీ చేరదు.

మూజువాణి ఓటు కదా,
ఏ గొంతు ఎవరిదో చిట్టాలో ఉండదు.
ఉండదు గానీ
నా అవును నాకు వినబడింది.
కొంచెం ఆలస్యంగా, అందరిదీ అయ్యాక.

శనివారం ఆ ఫలకం తీసుకుని బయల్దేరాను.
క్లీటస్ గారు దాన్ని కోట్లు తగిలించే గదిలో మరిచిపోయాడు.
మరిచిపోయాడో, వదిలేశాడో.
దారి పొడుగునా మంచు రోడ్డుకి అడ్డంగా పాకుతోంది.
మంచు ఊడ్చే బండి ఒక్కటే ఎదురైంది. అది పదిహేడో పద్దు.

తలుపు తీశాడు. ఎడమ పాదానికి రెండు మేజోళ్ళు.
ఫలకాన్ని అటూ ఇటూ తిప్పి,
నా పేరులో ఒక అక్షరం తప్పుందే, అన్నాడు సంతోషంగా.
తర్వాత అడిగాడు:
"మంగళవారం నా కంటి డాక్టరు. వ్యాను వస్తుందిగా?"

అవును అనలేదు. కాదు అనలేదు.

కుర్చీలోంచి పిల్లిని దింపి
కూర్చోమన్నాడు.