సాధారణ గాంధారం

పూర్ణా మార్కెట్ వెనక సందులో
పన్నెండు వందలకి కొన్నాను కీబోర్డు.
అమ్మినవాడు నిజాయితీపరుడు, ముందే చెప్పాడు:
"నడుమ ఒక నల్ల మెట్టు పలకదు సార్,
మిగతావన్నీ పలుకుతాయి."

ఇంటికొచ్చి లెక్కపెట్టుకున్నాను.
పలకనిది సాధారణ గాంధారం.

పగలు విశాఖ పోర్టులో కాటా దగ్గర లారీలు తూస్తాను.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే
మిగిలినదే సరుకు.
రాత్రి జ్ఞానాపురం మేడ మీది గదిలో
నేను పుట్టించిన మనుషుల్ని తూస్తాను, స్వరాలతో.
నాలుగేళ్ళుగా నడుస్తున్న నవల.
వాళ్ళెలా ఉంటారో రాయగలిగాను,
ఎలా అబద్ధమాడతారో రాయగలిగాను,
వాళ్ళు గదిలోకి రాకముందే గాలి ఎలా మారుతుందో
అది మాత్రం మాటలకి చిక్కలేదు.
అందుకే ఈ పన్నెండు వందలు.

ముందుగా మరిడమ్మ వచ్చింది.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారగట్ల చేపల వేలం పాడే మనిషి.
ఆమెకి బాణీ కట్టక్కర్లేదు, ధర పెరిగినట్టు పెరిగితే చాలు:
స స రి, స స మ, స స ప...
ఒకటోసారి, రెండోసారి అంటూ
పై షడ్జం మీద ఠపీమని వంజరం పడేస్తుంది.
గాంధారంతో ఆమెకి పనే లేదు.
ఒక్క రాత్రిలో బేరం కుదిరింది.

ఫిలోమినా టీచరుకి వారం పట్టింది.
రైల్వే న్యూ కాలనీ ఇంట్లో ఆమెవి మూడు గోడ గడియారాలు,
మూడూ మూడు టైములు చూపిస్తాయి.
తిశ్రంలో కట్టాను.
ప్రతి ఆవృతంలో ఒక దెబ్బ ఆలస్యం,
కుక్కపిల్ల లోపలికొచ్చేదాకా
తలుపు పట్టుకుని నిలబడ్డట్టు.

చిక్కంతా లోవరాజుతోనే.
క్రేన్ ఆపరేటరు. పొద్దంతా ఆకాశంలో కూర్చుని
మనుషుల నడినెత్తులు మాత్రమే ఎరిగినవాడు.
ఏ బట్టతల ఎవరిదో చెబుతాడు గానీ
ఎదురుపడితే పోల్చుకోలేడు.
పదకొండో అధ్యాయంలో యారాడ దగ్గర
అతన్ని సముద్రానికి ఇచ్చేద్దామని నా ప్లాను.

మంద్ర పంచమం దగ్గర మొదలెట్టి ఎక్కించాను,
బాగానే ఎక్కాడు.
దింపబోతే
మధ్యమానికీ రిషభానికీ నడుమ మెట్టు లేదు.
కాలు గాల్లో పెట్టి ఆగిపోయాడు.
అంతర గాంధారం ఇచ్చి చూశాను,
పెళ్ళికెళ్తున్నవాడిలా నవ్వాడు. అది అతను కాదు.
గాంధారమే మానేసి చూశాను,
గెడ్డ దూకినట్టు దూకాడు. అదీ కాదు.

ఇలా ఇరవై రోజులు.
పోర్టు వైపు నుంచి ఎర్ర ధూళి దిగి
తెల్ల మెట్లన్నీ కుంకం పెట్టుకున్నాయి.

మొన్న ఆదివారం కింద ఇస్త్రీ బండి దగ్గర
దాలయ్య బొగ్గులు విసురుతూ
ముక్కుతో ఏదో తీస్తున్నాడు.
నా కిటికీలోంచి కారిన రాత్రులన్నీ
అతని చెవిలో పడ్డాయి కాబోలు.
మంద్ర పంచమం, ఎక్కడం, మధ్యమం,
ఆ పైన ఏ ఆర్భాటమూ లేకుండా
మడత మీద ఇస్త్రీ పెట్టె జారినట్టు
ఆ లేని మెట్టు మీద కాలేసి
దిగిపోయాడు.

చేతికందిన చొక్కా పట్టుకుని పరుగెత్తాను.
"దాలయ్యా, ఆ పాట మళ్ళీ అను."
"ఏ పాట బాబూ? నానేటీ పాడనేదు.
సొక్కా అక్కడెట్టీసి ఎల్లండి."

నాలుగేళ్ళు పెంచాను లోవరాజుని.
అతని చెప్పుల సైజు తెలుసు, అప్పుల లెక్క తెలుసు.
అతని లోపల ఉన్నది ఇంత మామూలు స్వరమని,
పేరులోనే రాసి ఉన్నా,
నా కాటాలో తూగలేదు.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను.
మధ్యమం దాకా కీబోర్డు.
పలకని మెట్టు మీద వేలు నొక్కి
నేనే పలికాను, బొంగురు గొంతుతో,
మళ్ళీ రిషభాన్ని కీబోర్డుకి అప్పజెప్పాను.
హార్బరు వైపు ఏదో ఓడ కూత వేసింది.
అది ఏ స్వరమో వెతకలేదు.

లోవరాజు దిగాడు.
నేల మీద నిలబడి
మొహాలు చూస్తున్నాడు.

పదకొండో అధ్యాయం అలాగే ఉంది.
యారాడ దగ్గర సముద్రం ఎదురుచూస్తోంది,
చూడనీ.
చొక్కా కూడా ఇంకా తెచ్చుకోలేదు.