డెబ్బై రూపాయల వెలుతురు

ఆముదాలవలస స్టేషన్ రోడ్డులో ఎల్‌ఈడీ బల్బు నలభై.
హోల్డరూ రెండు మీటర్ల వైరూ కలిపి ముప్పై.
మిగతాదంతా ఊరికే వచ్చింది.

మందుల షాపు గుమ్మం పక్కన
వానకి తడుస్తున్న థర్మాకోల్ పెట్టె.
బిర్యానీ పొట్లం లోపలి వెండిరేకు,
నూనె జిడ్డు పోయేదాకా సబ్బుతో రుద్దాను,
అయినా దీపం వేడెక్కితే
గదంతా లవంగం వాసన.
సైకిలు పుల్ల వంచితే బల్బుకి మెడ.
పెరుగు కప్పు అడుగు కోస్తే లెన్సుకి గొడుగు.
లెన్సు కూడా కొన్నది కాదు,
ఎవరి పెళ్ళి ఊరేగింపులోనో కిందపడి
మా స్టూడియో బీరువాలో మూలుగుతున్నది.
తిరగేసి బిగిస్తే
ఆవగింజకీ ఒక మొహం ఉందని తెలుస్తుంది.

పగలు పెళ్ళిళ్ళు తీస్తాను.
జరీ, చెమట, నవ్వమంటే నవ్వే పెదాలు.
రాత్రి పదకొండు దాటాక
పొందూరు సద్దుమణిగాక
నా పెళ్ళికూతురు
పత్తికాయ మీది ఎర్ర పురుగు.

మొదటి ఫొటోలో
దాని వీపు మీద తెల్లటి బొక్క.
అక్కడ రంగు లేదు, పురుగు లేదు.
నలభై రూపాయల బల్బు
తన ఫొటో తనే తీసుకుంది.

పేపరు అడ్డం పెట్టాను,
ఎవరిదో పెద్దకర్మ ప్రకటన
పురుగు మీద నీడగా పడింది.
పాల కవరు కడిగి పెట్టాను, నీలం దిగింది.
నా పాత బనీను పెట్టాను,
చిల్లుల్లోంచి వెలుతురు
కుండ పగిలినట్టు కారింది.
ట్రేసింగ్ పేపరుకి శ్రీకాకుళం వెళ్ళాలి,
కాగితం కంటే బస్సు టికెట్టే ఎక్కువ.

"ఏటిరా గుంటా, రాత్రల్లా లైటెట్టుకుని ఏటి సూస్తన్నావు?"
పెరటి గోడ అవతల్నించి దాలమ్మత్త.
"పురుగునత్తా."
"ఏ పురుగు?"
చూపించాను.
"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!
నా పత్తిని మరకలు సేసినదాన్ని
మంచమేసి పడుకోబెట్టి ఫొటో తీస్తన్నావేటిరా!"

తిట్టి లోపలికెళ్ళి
జానెడు గుడ్డ తెచ్చింది.
మగ్గం మీద తెగిన ముక్క, సన్న నూలు,
అమ్మితే ఎవరూ కొనరు,
పారేస్తే చెయ్యి రాదు.
"కట్టు దీపానికి. కాలిపోనీకు."

ఒక మడత వేశాను. చాల్లేదు.
రెండో మడత.

వెలుతురు గుడ్డ దగ్గర ఆగింది.
తర్వాత దిగింది పెట్టెలోకి,
పసిబిడ్డకి నీళ్ళు పోసే ముసలమ్మ
ముందు తన మోచేతి మీద పోసుకు చూసుకున్నట్టు.

బొక్క ఉన్నచోట ఇప్పుడు
చిన్న కిటికీ.
దగ్గరికి లాగితే ఆ కిటికీలో
పడుగూ పేకా.
దాలమ్మత్త వడికిన నూలు
తన శత్రువు వీపు మీద
పోగు పోగూ లెక్కకొస్తోంది.

చూసింది. ఏమీ అనలేదు.
కొంగు ముడి విప్పి
వాలుగ చేప దవడ తీసింది,
గోదారి నుంచి వచ్చే పత్తి దువ్వెన,
ఆమె బొటనవేలికి సరిగ్గా అరిగిన ఎముక.
"దీన్ని తియ్యి."

పురుగుని పక్కకి జరిపాను.
తెర మీద పళ్ళు లేచాయి
వరసలు వరసలుగా,
సందులో ఒక దూది వెంట్రుక
ఇంకా వణుకుతూ.
అబ్బా అంటుందనుకున్నాను.
వేలితో తెరని పొడిచింది.
"ఇక్కడ రెండు పళ్ళిరిగిపోనాయి.
అదీ సంగతి.
నెల్లాళ్ళబట్టీ నూలు గరుకుగా దిగతంటే
నా సేతులు ముసిలైపోనాయనుకుంటన్నాను."

తన రెండు చేతులూ
తిప్పి తిప్పి చూసుకుంది దీపం కింద.
వాటిని తీస్తానని అడగలేకపోయాను.

ఖర్చుల పుస్తకంలో డెబ్బై అని రాశాను.
గుడ్డకి ఎంత వెయ్యాలో తోచక
ఆ గడి వదిలేశాను.

పురుగు ఎప్పుడు వెళ్ళిపోయిందో,
థర్మాకోల్ మీద
ఎర్రటి చుక్క ఒకటి పెట్టి.