విశేషాలు లేవు

పలాసలో ఆర్ అండ్ బీ బంగళా, వెనక గది.
కరెంటు పోయింది. కిటికీ తీస్తే
జీడిపిక్కలు కాల్చే పొగ లోపలికొచ్చి
మా ముగ్గురి మధ్యా కూర్చుంది.

డీఎస్పీ గారు అడుగుతారు. ఆమె చెబుతుంది.
నేను రాస్తాను.
పంతొమ్మిదేళ్ళుగా నా పని అదే,
జనం ఏడ్చినదాన్ని
కాగితం ఓర్చుకునే భాషలోకి దించడం.

"ఒగ్గీమన్నాను బాబూ, ఒగ్గలేదు" అంది.
'ప్రతిఘటించినప్పటికీ' అని రాశాను.
"నానేటి సేత్తాను, మా ఆయన ఆ ఊసల్లోపలున్నాడు" అంది.
'సదరు సమయమున ఆమె భర్త కస్టడీయందుండెను.'
ఒకచోట ఆమె గొంతు ఆగిపోయింది.
ఎంతసేపాగిందో రాసే గడి మా ఫారంలో లేదు.
తర్వాతి వాక్యానికి పోయాను.

"రెండేళ్ళు ఎందుకూరుకున్నావు?"
డీఎస్పీ గారు మెత్తగానే అడిగారు.
బమ్మిడి దమయంతి, వయసు ముప్పై ఒకటి,
వృత్తి: జీడిపిక్కలు కొట్టుట,
తన చేతులు చూసుకుంది.
"ఎవులికి సెప్పాల బాబూ?
సెప్పాలంటే టేసనుకే గదా రావాల."

దీన్ని మార్చి రాయడం నాకు చేతకాలేదు.
అన్నది అన్నట్టే పెట్టాను.

"ఆ రాత్రి స్టేషన్లో ఇంకెవరున్నారు?"
"ఒక రైటరమ్మ. నానొచ్చీసరికి ఎలిపోతంది.
మెట్ల కాడ ఎదురొచ్చినాది."
ఆమె నావైపు చూడలేదు.
చూసుంటే బాగుండేది.

అవును, మెట్ల దగ్గరే.
ఆమె చేతిలో స్టీలు కేరేజీ, మొగుడికి అన్నం.
పక్కకి ఒదిగి దారిచ్చాను కూడా.
సర్కిల్ సారు అప్పుడే అన్నారు:
"పాపకి జ్వరమన్నావు కదమ్మా, పో, ఇంటికెళ్ళు."
కన్నతండ్రి అన్నట్టే అన్నారు.
అంతకు ముందేడు రికార్డు గదిలో
అదే గొంతుతో నన్నొకటి అడిగారు.
గడియ ఎలా తీశానో గుర్తులేదు, బయటపడ్డాను.
మర్నాడు ఇద్దరం మామూలుగా గుడ్మార్నింగులు చెప్పుకున్నాం.

అంటే నాకు తెలుసు.
తెలిసే మెట్లు దిగాను.
దిగేముందు జనరల్ డైరీలో
తెల్లారేదాకా సరిపోయేలా
ఒక మాట ముందే రాసిపెట్టి మరీ దిగాను:
విశేషాలు లేవు.

పొద్దున బల్లకింద కేరేజీ కనబడింది.
మూత తియ్యలేదు. అన్నం పులిసింది,
చేపల పులుసు గడ్డకట్టింది.
కుళాయి కింద కడిగి బీరువాలో పెట్టాను.
ఎందుకు కడిగావని
ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

వాంగ్మూలం చదివి వినిపించాను.
ఆమె శ్రద్ధగా వింది, ఎవరి కథో విన్నట్టు.
"ఇయన్నీ నానన్న మాటలేనా బాబూ?"
"నువ్వన్నవేనమ్మా" అన్నారు డీఎస్పీ గారు.

ఇంకు ప్యాడు జరిపాను.
బొటనవేలు వేసింది. నల్లటి మచ్చ పడింది.
తుడిచి మళ్ళీ వేయించాను. మళ్ళీ మచ్చే.
గీత అన్నది లేదు.
పన్నెండేళ్ళు జీడిరసం తిన్న వేలు.
"రేసను కాడ కూడా ఇంతే బాబూ" అని
నవ్వబోయి మానేసింది.
"రేపు అవతలి లాయరు దీన్నే పట్టుకుంటాడు"
డీఎస్పీ గారు తనలో తాను గొణుక్కున్నారు.

బల్లకింద నా బొటనవేలు తడుముకున్నాను.
కలం తప్ప ఏదీ కాల్చని వేలు.
సుడి ఎక్కడిదక్కడే ఉంది.

కొత్త కాగితం తీశాను. తేదీ వేశాను.
'సాక్షి పేరు' దగ్గర
ఇంకు ఒకేచోట ఊరుతోంది.
బయట గూడ్సు బండి పోతోంది.
అది పోయేదాకా ఎవరం మాట్లాడలేదు.

"సార్" అన్నాను,
"ఆ బీరువా తాళం నా దగ్గరే ఉంది.
అందులో ఒక కేరేజీ ఉంది.
పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టిందనుకుంటాను,
అడుగున చుక్కచుక్కగా పేరు కొట్టించి ఉంది.
కడిగినా పోలేదు."