ఇంటిపేరు ఒకటే

లాటిన్‌లోనూ మనలాగే
ఇంటిపేరు ముందు రాస్తారు.
పిక్నోనోటస్ కేఫర్.
పిక్నోనోటస్ జాంతోలీమస్.
తిరుపతి ఆఫీసులో, ఫ్యాను కింద ఎగిరిపడే రిజిస్టర్లో
ఈ రెండు వరుసలూ ఇవాళ నా వంతు.

మొదటిది పిగిలిపిట్ట.
చూడ్డానికి కుర్చీలోంచి లేవక్కర్లేదు.
నల్లటి తల, దువ్వకుండా వదిలేసిన జుట్టు,
తోక కింద కుంకం మరక.
పోయిన్నెల మెట్ల దగ్గర సీసీ కెమెరా మీద గూడు కట్టింది.
మూడు వారాలపాటు కెమెరా
దొంగల్ని మానేసి గడ్డిపరకల్ని చూసింది.
జామపండు, చీమలు, మా టిఫిన్ డబ్బాలో మిగిలిన అన్నం,
దేనికీ వంక పెట్టదు.
ఎక్కడో సముద్రం నడిమి దీవుల్లో
తోటలు పాడుచేస్తోందని తరుముతున్నారట!
స్థితి అన్న గడిలో రాశాను: బెంగ లేదు.

రెండోది కొండపిగిలి.
పసుపు రాసుకున్న మొహం,
మిగతా ఒళ్ళంతా ఎండిన బండ రంగు.
బండలుంటేనే ఉంటుంది,
బండ సందులో కొండరావి కాస్తేనే దిగుతుంది.
దానికోసం చెంగల్రాయుడు
పులిచెర్ల అవతలి గుట్టల్లో మూడు తెల్లవారుజాములు కూర్చున్నాడు.
"చూసినావా?"
"ఇన్నానమ్మా. రెండు తడవలు."
ఫారంలో చూసినవి అని ఉంది.
విన్నవాటికి గడి లేదు.

అంతకుముందేడు పదకొండు. పోయినేడు ఆరు.
గుట్ట వెనక గ్రానైటు దిమ్మెలు,
ఒక్కోదానికీ తెల్లరంగుతో నంబరు,
ఒక్కటీ లెక్క తప్పలేదు.
అతని కొడుకు అక్కడే లారీ తోలతాడు.
అబద్ధమెందుకు, మా వంటగట్టూ ఆ రాయే.
చారు ఒలికినా మరక పట్టదు.

తరగతి: పక్షులు. కింద, పైదే.
క్రమం: పాసెరిఫార్మిస్. కింద, పైదే.
కుటుంబం, పైదే. ప్రజాతి, పైదే.
చెయ్యి అలవాటు పడిపోయి
స్థితి దగ్గరా పై... దాకా వచ్చింది.
కొట్టేసి రాశాను: ముప్పు ఉంది.
నా కొట్టివేత పక్కన
నేనే పొట్టి సంతకం పెట్టాలి, రూలు.

ఇక సంఖ్య.
చెంగల్రాయుడు ఇంకా బల్ల ముందే నిలబడున్నాడు.
నేను నమ్మలేదనుకున్నాడేమో,
కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి
ఆ కూత తీసి వినిపించాడు.
ఇంకోసారి.

కిటికీ బయట, కేబుల్ తీగ మీంచి
మొదటిది బదులు పలికింది.